పాలపళ్ళకు తొమ్మిది పూటలు

మా అక్క వాళ్ళది కూకట్‌పల్లి. మొన్న వెళ్ళినప్పుడు, వాళ్ళ మూడేళ్ళవాడు పకపకా నవ్వుతుంటే పై ముందుపళ్ళ మీద, చిగుళ్ళ అంచున, సుద్దముక్కతో గీసినట్టు తెల్లగీత కనబడింది. "పురుగు పడుతోందేమో" అంది అమ్మ. "పాలపళ్ళేగా, ఊడిపోయేవే" అన్నారు నాన్న.

పంటిలో పురుగేమీ ఉండదు, ఉండేది పాచి. పొద్దున్నే నాలుకకు తగిలే ఆ జిగట పొర నిజానికి సూక్ష్మజీవుల బస్తీ. అందులో పేరుమోసిన నివాసి స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్. 1924లో క్లార్క్ అనే శాస్త్రవేత్త పుచ్చిన పళ్ళలోంచి దీన్ని వేరుచేసి పేరు పెట్టాడు. మన నోట్లో పడిన చక్కెరే దానికీ భోజనం. తిని ఆమ్లం వదులుతుంది. ఆమ్లాన్ని కొలిచే అంకె పీహెచ్, ఆమ్లం పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. అది సుమారు 5.5 కంటే దిగితే పంటి గట్టి పైపొర అయిన ఎనామెల్‌లోని కాల్షియం, ఫాస్ఫేట్ కరగడం మొదలవుతుంది. తర్వాత లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి, పోయిన ఖనిజాలను కొంత తిరిగి చేరుస్తుంది. 1940లలో అమెరికాలో రాబర్ట్ స్టెఫాన్ కొలిచి చూస్తే, గ్లూకోజ్ నీళ్ళు పుక్కిలించిన కొద్ది నిమిషాల్లోనే పీహెచ్ పడిపోయింది. కోలుకోవడానికి మాత్రం అరగంట నుంచి గంట దాకా పట్టింది.

అందుకే ఎంత తీపి తిన్నారన్న దానితో పాటు, ఎన్నిసార్లు తిన్నారన్నదీ లెక్కపెట్టాలి. స్వీడన్‌లో 1940లలో విపెహోల్మ్ అనే చోట మానసిక వైకల్యం ఉన్నవారికి భోజనాల మధ్య జిగట టాఫీలు పెట్టి ఇదే తేల్చారు. ఫలితం నిజమే గానీ, నోరులేని వాళ్ళ పళ్ళు పుచ్చబెట్టి నేర్చుకున్న పాఠం అది.

ఇక మావాడి రోజు. లేవగానే మాల్ట్ పొడి కలిపిన పాలు. ఇడ్లీ. ప్లేస్కూల్ డబ్బాలో క్రీమ్ బిస్కెట్లు. ఇంటికొస్తూ జ్యూస్ ప్యాకెట్. పెరుగన్నం. నిద్రలేచాక తాతగారి ఇరానీ చాయ్‌లో ముంచిన ఉస్మానియా బిస్కెట్. సాయంత్రం అపార్ట్‌మెంట్ కింద ఎవరో ఒకరు చేతిలో పెట్టే చిప్స్. చిప్సులో తీపి లేదు కదా అనుకుంటాం, కానీ పళ్ళ సందుల్లో ఇరుక్కున్న పిండి పదార్థం కూడా పాచికి పనికొస్తుంది. రాత్రి అన్నం. పడుకునేటప్పుడు చక్కెర వేసిన పాలసీసా. మొత్తం తొమ్మిది! పన్ను కోలుకునే లోపే మళ్ళీ దాడి. అక్కా బావా ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళు, వాణ్ణి చూసుకునేది పెద్దవాళ్ళు. ఏడుపు మాన్పించడానికి బిస్కెట్ కన్నా దగ్గరి దారి ఎవరికి తెలుసు?

అన్నిట్లోకీ చెడ్డది ఆ రాత్రి సీసా. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, తీపి పాలు పై ముందుపళ్ళ దగ్గరే నిలిచిపోతాయి. కింది ముందుపళ్ళను నాలుక కప్పి ఉంచుతుంది, లాలాజలం కూడా అక్కడే ఊరుతుంది కాబట్టి అవి చాలావరకు బతికిపోతాయి. తెల్లగీత పైనే ఎందుకొచ్చిందో అక్కకు అప్పుడు అర్థమైంది.

ఎంగిలి మాటా చెప్పాలి. పిల్లల నోటికి ఈ సూక్ష్మజీవులు ఎక్కువగా తల్లి నుంచీ, ఇంట్లోవాళ్ళ నుంచీ లాలాజలం ద్వారానే చేరతాయి. అలాగని కలిపి ముద్దలు పెట్టడం మానమని నేననను. పిల్లల తల్లి తన పిప్పిపన్నుకు వైద్యం చేయించుకోవడం ముందు పని.

పేస్టు విషయంలో అక్కకు భయం. ఫ్లోరైడ్ అనగానే మనకు నల్లగొండే గుర్తొస్తుంది. అక్కడ ఎముకలు వంచింది ఏళ్ళ తరబడి తాగిన, ఫ్లోరైడ్ మితిమీరిన బోరునీళ్ళు. బ్రష్ మీద బియ్యపు గింజంత ఫ్లోరైడ్ పేస్టు అలాంటిది కాదు, అది ఎనామెల్‌ను గట్టిపరుస్తుంది. మూడేళ్ళు దాటాక బఠానీ గింజంత చాలు. ఆరేడేళ్ళ దాకా తోమాల్సింది పెద్దవాళ్ళే, అదీ రాత్రి పడుకోబోయే ముందు తప్పకుండా.

నాన్న మాటకూ జవాబుంది. పాల దవడపళ్ళు పది పన్నెండేళ్ళ దాకా ఉంటాయి. వాటి ఎనామెల్ పలచన, పుచ్చు త్వరగా లోపలికి దిగుతుంది. ముందే పీకించాల్సి వస్తే పక్క పళ్ళు ఆ చోటుకు జరిగి, రాబోయే పన్నుకు దారి మూసేస్తాయి.

మావాడి పంటికి ఇంకా గుంట పడలేదు, ఖనిజాలు పోవడం మొదలైన ఈ తెల్లగీత దశలో వెనక్కి మళ్ళించవచ్చని చెప్పి డాక్టరమ్మ పళ్ళకు ఫ్లోరైడ్ ఉన్న పూత (వార్నిష్) పూసింది. రాత్రి సీసాలోకి మంచినీళ్ళు వచ్చాయి, మూడు రాత్రులు ఇల్లు దద్దరిల్లింది. ఉస్మానియా బిస్కెట్ మాత్రం ఆగలేదు. నాన్న దాన్ని మధ్యాహ్నం అన్నం పూర్తికాగానే, అదే పూటలో పెడుతున్నారు. చాయ్ తాను ఒక్కరే తాగుతున్నారు.