ఉర్ నగరం మన ఊరేనా? పదాల పోలికపై అపోహలు - వాస్తవాలు

భాషల చరిత్ర నా వృత్తి కాబట్టి, వాట్సాప్‌లో తిరిగే పదాల జాబితాలన్నీ చివరికి నా దగ్గరికే వస్తాయి. వాటిలో ఎక్కువసార్లు వచ్చేది ఇది: ఇరాక్‌లో సుమేరియన్లు అనే ప్రాచీన జనం కట్టిన ఉర్ నగరం ఉంది, మనకు ఊరు అనే మాట ఉంది, కాబట్టి సుమేరియన్లు మనవాళ్లే. అడగాల్సిన ప్రశ్నే, జవాబే తొందరపడి చెప్పేస్తున్నారు.

అపోహ: ఉర్ అంటే ఊరే.

వాస్తవం: ఉర్ ఒక నగరం పేరు. సుమేరియన్‌లో దాన్ని ఉరిమ్ అనేవాళ్లు. మనం వాడే పొట్టి రూపం ఎక్కువగా బైబిల్ ద్వారా ప్రచారమైంది. తెలుగు బైబిల్లో "కల్దీయుల ఊరను పట్టణము" అని చదివినవాళ్లకు అది మన ఊరే అనిపించడం సహజం. అయితే దాచకుండా ఇంకో మాట కూడా చెప్పాలి. సుమేరియన్‌లో నగరానికి వాడే మామూలు మాట నిజంగానే ఉరు, దాన్నే ఇరి అని కూడా చదువుతారు. శబ్దమూ కలిసింది, అర్థమూ కలిసింది. చాలామంది ఇక్కడ ఆగిపోతారు, అసలు పని మొదలయ్యేది ఇక్కడే. ఇంట్లో ఒంట్లో ఉండే మాటలు, అంటే ఏ భాషా పక్కవాళ్ల దగ్గర సులభంగా అప్పు తెచ్చుకోని మాటలు, పక్కపక్కన పెట్టి చూడండి: నీరు వాళ్లకు 'అ', ఇల్లు 'ఎ', చెయ్యి 'షు', కన్ను 'ఇగి', రెండు 'మిన్', మూడు 'ఎష్'. ఒక్కటీ కలవదు. సుమేరియన్‌లోనే 'ఉర్' అంటే కుక్క అని కూడా అర్థం, ఆ సంగతి ఏ జాబితాలోనూ కనిపించదు.

ఇదే పొట్టి శబ్దం బాస్క్ భాషలో నీళ్లు, టర్కిష్‌లో కణితి, స్వీడిష్‌లో గడియారం. సంస్కృతంలో ఊరువు అంటే తొడ. బాస్క్ పశ్చిమ మాండలికంలో నగరాన్ని 'ఉరి' అంటారు, కాబట్టి సుమేరియన్‌ని చుట్టం చేసుకుంటే స్పెయిన్‌లోని బాస్క్‌లనూ వదలకూడదు. ఆ శబ్దానికి మన దగ్గర ఏం అర్థముందో చెప్పనక్కర్లేదు.

అపోహ: శబ్దం, అర్థం రెండూ కలిస్తే అది యాదృచ్ఛికం కాదు.

వాస్తవం: ఒక్క లెక్క వేసి చూడండి. 20 హల్లులు, 5 అచ్చులు ఉన్న భాషలో హల్లు-అచ్చు-హల్లు ఆకారంలో వచ్చే రూపాలు 2,000 మాత్రమే. ప్రపంచంలో దాదాపు 7,000 భాషలున్నాయి, ప్రతి భాషకీ వేల మాటలు కావాలి, నోరు మాత్రం అందరికీ ఒకటే. కొన్ని కలవకపోతేనే ఆశ్చర్యం. పైగా జాబితా రాసేవాళ్లు ఊరు అన్నదాన్ని నగరం, ఇల్లు, నేల, దేశం దాకా సాగదీస్తారు, అలా సాగదీస్తే ఏదైనా దొరుకుతుంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో మ్బబరం అనే ఆదివాసీ భాష ఉండేది, అందులో కుక్కని 'డాగ్' లాంటి మాటతోనే పిలిచేవాళ్లు. ఇంగ్లీష్ నుంచి తెచ్చుకున్నారేమో అనుకుంటాం కదా? కాదు. పాత రూపం 'గుడగ', మొదటి అక్షరమూ చివరి అచ్చూ రాలిపోయి, మిగిలిన అచ్చు మారి అలా తేలింది. పర్షియన్ 'బద్', ఇంగ్లీష్ 'బ్యాడ్' రెండింటికీ చెడ్డ అనే అర్థం. వాటి మూలాలు వేరు.

అపోహ: అమ్మ అన్ని భాషల్లో ఒకటే, కాబట్టి భాషలన్నీ ఒకటే.

వాస్తవం: కొరియన్ సీరియళ్లలో 'ఒమ్మా, అప్పా' వినగానే చాలామందికి ఈ ఆలోచన వస్తోంది. పసిబిడ్డ పెదాలు కలిపి విడిస్తే ముందు వచ్చేవి మ, ప, బ శబ్దాలు, వాటిని పక్కనున్న పెద్దవాళ్లు తమ పేర్లుగా తీసుకుంటారు. ఎవరు తీసుకుంటారన్నది ఆ భాష ఇష్టం. జార్జియన్‌లో 'మామా' అంటే నాన్న, 'దేదా' అంటే అమ్మ. మనకు మామ ఇంకెవరో.

అపోహ: పోలిక లేకపోతే చుట్టరికం లేదు.

వాస్తవం: నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. గ్రీకు 'థియోస్', లాటిన్ 'దేఉస్' రెండూ దేవుడే, చూడటానికి కవలల్లా ఉంటాయి, కానీ మూలాలు వేరు. ఆ లాటిన్ మాటకి అసలు చుట్టం మన 'దేవ' శబ్దం. ఇంకా దగ్గర్లో చూడాలంటే కన్నడ తీసుకోండి. పాలు - హాలు, పులి - హులి, పండు - హణ్ణు, పది - హత్తు, పాము - హావు. మన 'ప' ఉన్నచోట కన్నడలో 'హ' వస్తోంది, ఒకచోట కాదు, వరసగా. ఇంకో వరస కూడా ఉంది: చెవి - కివి, చెరువు - కెరె, చెడు - కెడు. ఇ, ఎ ముందున్న పాత 'క' తెలుగులో 'చ' అయింది, కన్నడలో అలాగే ఉండిపోయింది. శబ్దం అచ్చంగా ఒకటే కావాలనే పట్టింపు మాకు లేదు. తేడా కూడా ఒక పద్ధతిలో ఉండాలి, అంతే.

అలమార పోర్చుగీసు 'అర్మారియో' నుంచి వచ్చిందంటే ఆ పోలిక నిజమే, కానీ అది అరువు. సరుకుతో పాటు పేరూ ఓడ దిగింది, రక్తసంబంధం ఏమీ లేదు.

ఇలా మాటల్ని వరసగా పోల్చే 1816లో మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ అనే అధికారి, తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదనీ తమిళం, కన్నడాలతో కలిసి వేరే కుటుంబమనీ చూపించాడు. క్యాంప్‌బెల్ అనే ఆయన రాసిన తెలుగు వ్యాకరణ పుస్తకానికి ఎల్లిస్ రాసిన ముందుమాటలో మూడు భాషల ధాతువుల్ని వరసగా పెట్టి చూపించాడు. సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న మాటలు ఎన్ని ఉన్నా, ఆ ధాతువులు మనవే అన్నాడు.