రొయ్య పెరిగేది మడలోనే

కాకినాడ దగ్గర కోరింగ మడ (మాంగ్రోవ్) అడవిలో, పాటుకు సముద్రపు నీరు వెనక్కి తీశాక, బురదను వంగి చూడండి. పెన్సిళ్లు గుచ్చినట్టు వందలకొద్దీ వేర్లు నిటారుగా లేచి ఉంటాయి. ఆ బురదలో గాలి ఆడదు. అందుకే మడచెట్టు వేరు పైకి పెరిగి ఊపిరి తీసుకుంటుంది.

ఆ నేలను పనికిరాని బాడవ అంటే నాకు బాధేస్తుంది. టైగర్ రొయ్య సంగతే చూడండి. తల్లి గుడ్లు పెట్టేది సముద్రంలో. ఒక్క రోజులోపే అవి పిల్లలవుతాయి. తేలుతూ, రూపాలు మార్చుకుంటూ, కనురెప్ప వెంట్రుకంత అయ్యేసరికి పోటునీటి వెంట మొగలోకి, అంటే నది సముద్రంలో కలిసే చోటికి, వస్తాయి. మడలో రాలిన ఆకు కుళ్లి, సూక్ష్మజీవులు పట్టి మెత్తబడితే అదే వాటికి మేత. వేర్ల సందుల్లోకి పెద్ద చేప దూరలేదు. కొన్ని నెలలు అక్కడ పెరిగి, మళ్లీ సముద్రానికి పోతాయి. పండుగప్ప, మండపీత పిల్లలకూ ఇదే ఆసరా. నడిసంద్రంలో పడే వేటలోనూ మడ వాటా ఉందన్నమాట.

పైన పడిన ఆకు మేతవుతుంది సరే, లోపల కూరుకుపోయినది గాలి తగలక అంత త్వరగా కుళ్లదు. అందులోని కార్బన్ గాలిలో కలవకుండా వందల ఏళ్లు అక్కడే ఉంటుంది.

తుపాను మాటకొస్తే, ఒడిశాలో 1999 సూపర్ సైక్లోన్‌పై 2009లో ఒక అధ్యయనం వచ్చింది. కేంద్రపడా జిల్లాలో 409 ఊళ్లను పరిశీలిస్తే, సముద్రానికీ ఊరికీ మధ్య మడ ఎంత వెడల్పుగా ఉంటే చావులు అంత తగ్గాయి. ముందస్తు హెచ్చరిక ఇంకా ఎక్కువమందిని కాపాడిందనీ అదే అధ్యయనం తేల్చింది. కాబట్టి మడ ఉంది కదా అని ఇల్లు కదలకుండా కూర్చోకూడదు.

మన తీరంలో 1990లలో చాలాచోట్ల మడ కొట్టి రొయ్యల చెరువులు తవ్వారు. 1994-95లో రొయ్యలకు వైట్ స్పాట్ అనే వైరస్ తెగులు వచ్చి ఎన్నో చెరువులు పాడుబడ్డాయి.

మడ కొట్టేస్తే మళ్లీ మొలవడం తేలిక కాదు. నేల కుంగుతుంది, నీరు నిలిచి ఎండుతుంది, ఉప్పు పేరుకుంటుంది. అలాంటి పల్లాల్లో, గోదావరి, కృష్ణా డెల్టాలలో, ఎమ్మెస్ స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ, ఊరివాళ్లు కలిసి చేపముల్లులా కాలువలు తవ్వారు: నడుమ పెద్దకాలువ, ఇరుపక్కలా ఏటవాలుగా పిల్లకాలువలు. పోటుకు నీరు లోపలికి వచ్చి, పాటుకు ఉప్పును కడుక్కుంటూ బయటికి పోయింది. గట్ల అంచున నాటిన మడమొక్కలు నిలదొక్కుకున్నాయి.