గని మూసేటప్పుడు ఖర్చు ఎవరిది: గొడవకు మూలం సమిట్‌విల్

గని మూతపడ్డాక నేల బాగుచేయడానికి, దాన్ని నమ్ముకున్న ఊరిని నిలబెట్టడానికి డబ్బు ఎప్పుడు పక్కన పెట్టాలన్న గొడవ మళ్లీ రాజుకుంది. ముందే డిపాజిట్ కట్టమంటే పెట్టుబడి ఇరుక్కుపోతుందని కంపెనీలు అంటున్నాయి. ఈ వాదన ఎంతవరకు నిలుస్తుందో తేలాలంటే 1992 డిసెంబరు నాటి కొలరాడోను గుర్తుచేసుకోవాలి.

అమెరికాలోని ఆ రాష్ట్రంలో, సుమారు 3,500 మీటర్ల ఎత్తున సమిట్‌విల్ బంగారు గని ఉండేది. రాతిని గుట్టగా పోసి, పైనుంచి సైనైడ్ నీళ్లు చల్లి బంగారం రాబట్టేవారు. ఆ నీళ్లు నేలలోకి ఇంకకుండా గుట్ట కింద పరిచిన పొర మొదట్లోనే లీకైంది. తవ్వి వదిలేసిన రాతి నుంచి ఆమ్లం, రాగి కలిసిన నీళ్లు అలమోసా నదిలోకి దిగాయి, చేపలు చచ్చాయి. గెలాక్టిక్ రిసోర్సెస్ అనే ఆ కంపెనీ దివాలా తీసి వెళ్లిపోయింది. సైనైడ్ నీళ్లు పొంగి బయటపడకుండా నడిచలికాలంలో పంపులు నడిపించే పని కేంద్ర పర్యావరణ సంస్థ నెత్తిన పడింది. బాగుచేతకని కంపెనీ ఇచ్చిన పూచీగా ఉన్నది 50 లక్షల డాలర్ల లోపే. ఖర్చు 15 కోట్లు దాటింది. అందులో చాలా భాగం ప్రజల సొమ్ము.

ఒక కంపెనీ తప్పుకు అందరినీ అనుమానించడం సరికాదని పరిశ్రమ వాదన. అయితే 1999లో కెనడాలోని జెయింట్ బంగారు గని యజమాని కంపెనీ కూడా దివాలా తీసింది. భూమి లోపల మిగిలిన 2,37,000 టన్నుల విషపు ఆర్సెనిక్ దుమ్ము ప్రభుత్వం పాలైంది. దాన్ని గడ్డకట్టించి కాపలా కాయాలి.

జర్మనీ మరో దారి పట్టింది. భూమి లోపలి గట్టి బొగ్గు గనులు 2018లో మూసేస్తామని 2007లోనే నిర్ణయించి, ఒక ఫౌండేషన్ పెట్టి డబ్బు కూడబెట్టింది. తవ్వకాలతో కుంగిన రూర్ ప్రాంతంలో ఊళ్లు మునగకుండా ఎప్పటికీ నీళ్లు తోడాల్సిందే. ఆ ఖర్చు ఇప్పుడు ఫౌండేషనే భరిస్తోంది. కార్మికులకూ పదేళ్లకు పైగా వ్యవధి దొరికింది.

గని ఊళ్లలో ఆసుపత్రి, బడి, మంచినీళ్ల పంపు తరచూ కంపెనీవే. కంపెనీ వెళ్లాక వాటిని ఎవరు నడుపుతారో, జీతాలు ఎవరిస్తారో మొదటి ప్లాన్‌లోనే రాయమని ఊళ్లవాళ్లు అడుగుతున్నారు. ఖర్చు పెరిగిన కొద్దీ డిపాజిట్ కూడా పెంచమంటున్నారు. గని లాభాల్లో ఉన్నప్పుడు తీసి పెట్టకపోతే, తర్వాత అడగడానికి ఎవరూ మిగలరు.