మంటలార్పిన ఊరికి మ్యూజియంలో ఒక మూల

కడపలో భగవాన్ మహావీర్ మ్యూజియం ఉంది కదా, అక్కడ పాత శిల్పాల పక్కన మనూళ్లలో మంటలార్పిన వాళ్ల గుర్తుగా కూడా ఒక మూల ఉంటే బాగుంటుందని ఈ మధ్య మావాళ్లలో మాటొచ్చింది. సరే, పెడదాం. కానీ ఏం పెడతాం? ఫైరింజన్ వచ్చేదాకా ఆర్పింది ఊరే. ఆ ఊరికి యూనిఫాం లేదు, హాజరు పుస్తకం అసలే లేదు.

అమెరికాలోని ఫిలడెల్ఫియా వాళ్లకు ఈ చిక్కు లేదు. అక్కడ 1736లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఇంకొంతమందితో కలిసి యూనియన్ ఫైర్ కంపెనీ పెట్టుకున్నాడు. చేరినవాళ్లు తోలు బకెట్లు, కాలే ఇంట్లోంచి సామాన్లు మోసుకురావడానికి సంచులు ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోవాలని రాతపూర్వకంగా ఒప్పుకున్నారు, నెలకోసారి కూడేవాళ్లు, రానివాడికి జరిమానా. 1871లో జీతాల ఉద్యోగులు వచ్చేదాకా ఆ నగరాన్ని కాపాడింది ఇలాంటి స్వచ్ఛంద కంపెనీలే. రాతలూ బకెట్లూ మిగిలాయి, ఇప్పుడు పాత ఫైర్ స్టేషన్‌లోనే ఫైర్‌మన్స్ హాల్ అనే మ్యూజియం నడుస్తోంది.

మన దగ్గర కథ ఇంటి కప్పు దగ్గర మొదలవుతుంది. దూలాలు, దంతెలు వేసి పైన చవుడు పరిచిన మట్టి మిద్దె అంత తొందరగా అంటుకోదు, బోదగడ్డి కప్పిన కొట్టం మాత్రం నిప్పురవ్వ పడితే చాలు, ఎండాకాలం గాలికి పక్క కొట్టాన్నీ, వామిదొడ్డినీ కలుపుకుని పోతుంది. మా జేజి చెప్పేది: కేక వినబడగానే ముందు నీళ్లకు కాదు, కొడవలికి పరిగెత్తేవాళ్లట, గాటిపాట్లో, అంటే పశువుల్ని కట్టేసే చోట, వాటి పలుపులు కోసెయ్యడానికి. అక్కడ సంచులు, ఇక్కడ కొడవలి. ఆ తర్వాత బావి నుంచి చేతులు మారుతూ కడవలు, తడిపిన గోనెసంచులు. అంటుకున్న కొట్టం ఎలాగూ దక్కదని తెలిసినవాళ్లు పొడుగాటి దోటితో పక్క కొట్టం బోదను లాగి కిందేసేవాళ్లు, మంటకు దారి లేకుండా. ఇది ఎవరూ నేర్పిన విద్య కాదు, ఫైర్ ట్రైనింగ్‌లో ఇప్పుడు చెప్పేదీ ఇదే.

ఇదంతా ఎట్ల పోయింది? కొట్టాల జాగాలో బండల మిద్దెలు, స్లాబులు లేచాయి, అది మంచిదే. అసలు దెబ్బ బావి మీద పడింది. ఎద్దులతో తోలు తొండంలో నీళ్లు తోడే కపిల పోయి ఇంజను, ఇంజను పోయి కరెంటు మోటారు, చివరికి బావే ఎండి బోరు వచ్చింది. మంట లేచిందంటే మొట్టమొదట కరెంటు తీసేయిస్తాం. కరెంటు లేకుంటే బోరు పోయదు! చుట్టూ మనుషులున్నా చేతికందే నీళ్లు లేవు, అందుకే వేరుశనగ కట్టె వామి అంటుకుంటే ఫోన్ చేసి నిలబడి చూడ్డమే.

ఫైర్ శాఖకు తన జ్ఞాపకం తనకుంది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో పత్తి, పేలుడు పదార్థాలతో ఉన్న ఫోర్ట్ స్టికిన్ ఓడ పేలి 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు, ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు జరిపే వారోత్సవాలు వాళ్ల కోసమే. అవి జరగాలి. మన కడవల వాళ్లకు మాత్రం తేదీ లేదు, ఎందుకంటే ఎవరూ రాసిపెట్టలేదు.

కాబట్టి ఆ మూలలో పెట్టాల్సినవి ఇంటి సామాన్లే: ఒక కొడవలి, తెగిన పలుపు, కపిల తోలు తొండం దొరికితే అది, ఎనభై దాటిన వాళ్ల మాటల రికార్డింగు. రికార్డింగు ముందు కావాలి, వస్తువులు ఆగుతాయి, మనుషులు ఆగరు.

దోటి మా ఇంట్లోనే ఉంది. కొస అరచెయ్యంత మేర నల్లగా మాడి ఉంటుంది, గీరినా పోదు. అడిగితే మా పిన్నమ్మ ఒకటే మాట, "మునక్కాయలు అయిపోనీ నాయనా, తర్వాత తీసుకపో."