డాక్టరు చదివి తిండి తనిఖీ ఏమిటి? మా డెల్టాలో రోజూ వినే అపోహలు

"ఎంబీబీఎస్ చదివి హోటళ్ల చుట్టూ ఈ తిరుగుడేంటండీ?" అని నన్ను అడగనివాళ్లు తక్కువ. పెళ్లిళ్లలో అడుగుతారు, బస్సులో అడుగుతారు, ఆఖరికి శాంపిల్ తీస్తుంటే కొట్టు ఆయన కూడా అడిగారు. నేను చేసేది ఫుడ్ సేఫ్టీ ఆఫీసరు ఉద్యోగం, అంటే జనం తినే పదార్థాల తనిఖీ. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

అపోహ: ఈ ఉద్యోగానికీ వైద్యానికీ సంబంధం లేదు, ప్రాక్టీసు నడవనివాళ్లే ఇందులోకి వస్తారు.

ఫుడ్ సేఫ్టీ ఆఫీసరు పోస్టుకు ఉన్న అర్హతల్లో ఫుడ్ టెక్నాలజీ, డెయిరీ టెక్నాలజీ, మైక్రోబయాలజీలతో పాటు మెడిసిన్ డిగ్రీ కూడా ఉంది. 1954 నాటి కల్తీ నిరోధక చట్టం ఉన్న రోజుల్లో కూడా ఆరోగ్యశాఖ మెడికల్ ఆఫీసరును ఫుడ్ ఇన్‌స్పెక్టరుగా పెట్టే వీలుండేది. 2006లో కొత్త చట్టం చేశారు, దాని నియమాలు 2011 ఆగస్టు 5 నుంచి అమల్లోకి వచ్చాయి, పోస్టు పేరు మారింది.

నా సంగతి వేరే. పీహెచ్‌సీలో పనిచేసేటప్పుడు ఒక సాయంత్రం ఒకే ఊరి నుంచి ఆటోల మీద ఆటోలు వచ్చాయి. మధ్యాహ్నం గుళ్లో సంతర్పణ, సాయంత్రానికి వాంతులు. మంచాలు చాలక వరండాలో చాపలు పరిచి, కిటికీ ఊచలకు సెలైన్ సీసాలు కట్టాం. తెల్లారేసరికి అందరూ కోలుకున్నారు. తర్వాత వంట మేస్త్రిని పిలిచి పరమాన్నం ఎన్నింటికి వండావని అడిగితే, "తెల్లారగట్ల మూడింటికండి, వడ్డన ఒంటిగంట దాటాకండి" అన్నాడు. అంటే పది గంటలు. గంగాళం మీద మూత, ఆ మూత మీద తడిగుడ్డ, జూన్ నెల ఉక్క. ఆ రాత్రి నేను రాసిన మందులన్నీ ఆ పది గంటలు అయిపోయాక రాసినవే. అంతకు ముందే ఆ వంటశాలలోకి వెళ్లి నిలబడే ఉద్యోగం ఒకటుందని తెలిసి దరఖాస్తు పెట్టాను.

అపోహ: చల్లారిపోయినా ఫర్వాలేదు, మళ్లీ మరిగిస్తే దోషం పోతుంది.

ఇది మాత్రం ప్రతి ఊళ్లోనూ వింటాను, ప్రతి ఊళ్లోనూ కాదని చెబుతాను. స్టెఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా మన ముక్కులో, చర్మం మీద, చీము పట్టిన గాయాల్లో ఉంటుంది. బాసిల్లస్ సెరియస్ అనే ఇంకో బ్యాక్టీరియా విత్తనంలాంటి రూపంలో బియ్యంతోనే వస్తుంది, అన్నం ఉడికినా చావదు. వండినది గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే ఈ రెండూ పెరిగి విషం వదులుతాయి. మళ్లీ మరిగిస్తే బ్యాక్టీరియా చస్తుందేమో గానీ, అది వదిలిన విషం మరిగే వేడికి పోదు. వాసన మారదు, రుచి మారదు, అందుకే ఎవరికీ అనుమానం రాదు.

కాబట్టి వంటశాలకు వెళ్లగానే ముందు నేను చూసేది నూనె డబ్బా మీద లేబుల్ కాదు, వంటవాళ్ల చేతులు. కొబ్బరి కోరుతూ తెగిన వేలికి గుడ్డపీలిక చుట్టుకుని, అదే చేత్తో అన్నం కలిపేవాళ్లు ఎంతమందో. వేడిగా వడ్డించేది 60 డిగ్రీల పైన ఉండాలి, చల్లగా దాచేది 5 డిగ్రీల లోపు ఉండాలి. అంత పెద్ద ఫ్రిజ్ ఊళ్లో ఎక్కడుంటుందండీ అంటారు, నిజమే, ఉండదు. అయితే ఒకేసారి అయిదు వందల మందికి వండి పెట్టేయకుండా రెండు మూడు వాయిలుగా, వడ్డనకు దగ్గరగా వండండి.

అపోహ: రేషన్ బియ్యంలో ప్లాస్టిక్ కలిపారు.

ఫోర్టిఫైడ్ బియ్యం, అంటే పోషకాలు కలిపిన బియ్యం, డిపోలకు వచ్చిన కొత్తలో ఒకావిడ చేటతో సహా వచ్చేశారు. "చూడండి డాట్రు గారూ, కడుగుతుంటే తేలిపోతన్నాయండీ, పిల్లలకెలా పెట్టమంటారండీ?" అని ఏరిన గింజలు నా అరచేతిలో పోశారు. కాస్త పసుపు రంగు, మెరుపు లేదు, మిగతా గింజల్లా కనపడవు, ఆవిడ భయం సహజమే. వాళ్లింటికే వెళ్లి గరిటెలో వేసి పొయ్యి మీద పెట్టాను. ప్లాస్టిక్ అయితే కరిగి సాగాలి. ఇది నల్లగా మాడింది, పిండి మాడిన వాసన వచ్చింది. ఎందుకంటే అది పిండే. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజ ఆకారంలో అచ్చు వేసి, వంద కిలోల బియ్యానికి ఒక కిలో చొప్పున కలిపేవారు. రక్తహీనత కోసం పెట్టిన ఆ గింజల్నే జనం ఏరి పారేస్తుంటే డాక్టరుగా నాకు చాలా బాధేసేది. అందులో ఉన్న ఫోలిక్ యాసిడ్‌ను 1945లో అమెరికాలో తయారుచేసిన బృందానికి నాయకుడు యల్లాప్రగడ సుబ్బారావు గారు, పుట్టింది మన భీమవరంలో. ఈ మాట చెబితే ఆవిడ చేట వెనక్కి తీసుకుని, "మనోళ్లదేనా అండీ!" అన్నారు.

అపోహ: మోసం జరిగిందంటే అది విషమే.

పుస్తెలమ్మైనా పులస తినాలంటాం కదా, ఆ మోజు మీదే వ్యాపారం. వేరే రాష్ట్రం నుంచి ఐసులో వచ్చిన ఇలసను (అదీ పులస జాతి చేపే) గోదావరి పులస అని అంటగడితే అది మోసమే, ఒక పదార్థాన్ని ఇంకోదాని పేరుతో అమ్మితే చట్టంలో 3 లక్షల వరకు జరిమానా ఉంది. కానీ తిన్నవాళ్ల డబ్బు పోతుందే తప్ప ఆరోగ్యం పోదు. ఆ చేప మీద పోసిన ఐసు ఏ నీళ్లతో చేశారన్నది నాకు అంతకంటే పెద్ద టెన్షన్. దాని మీద మాత్రం ఎవరూ ఫిర్యాదు ఇవ్వరు.

అపోహ: ఆఫీసర్లు సరుకు ఊరికే పట్టుకుపోతారు, అక్కడికక్కడే ఫైన్ వేస్తారు.

శాంపిల్‌కు మార్కెట్ ధర చెల్లించాలని చట్టంలోనే ఉంది. మామూలుగా నాలుగు భాగాలు చేసి సీలు వేస్తాం, ఒకటి అనలిస్టుకు (అంటే ల్యాబ్‌లో పరీక్ష చేసే అధికారికి), రెండు పై అధికారికి, నాలుగోది వ్యాపారి కోరితే గుర్తింపు పొందిన ల్యాబ్‌కు. పాల శాంపిల్ విరిగిపోకుండా అందులో ఫార్మాలిన్ చుక్కలు వేస్తాం, అది చూసి జనం కంగారు పడతారు, అది పరీక్షకే, తాగడానికి కాదు. రిపోర్టుకు 14 రోజుల గడువు. నాసిరకం అని తేలితే జరిమానా తేల్చేది జాయింట్ కలెక్టర్ గారు, హానికరం అని తేలితే కోర్టు.

మీరు కొన్నదాన్ని మీరే ఫీజు కట్టి అనలిస్టు చేత పరీక్ష చేయించుకునే హక్కు కూడా ఉంది, తప్పు తేలితే ఆ ఫీజు వెనక్కి వస్తుంది. ఒక్క షరతు, పరీక్షకు పంపిస్తానని కొనేటప్పుడే కొట్టువాళ్లకు చెప్పాలి. ఇంటికొచ్చాక గుర్తొస్తే కుదరదు.