నల్ల యాలకులు, సిక్కిం కొండలు: అపోహలు - వాస్తవాలు

విజయవాడ వన్‌టౌన్‌లో మసాలా దినుసుల హోల్‌సేల్ వ్యాపారం మాది. బిర్యానీ హోటళ్ల వాళ్లకీ, క్యాటరింగ్ వాళ్లకీ నల్ల యాలకుల మీద వచ్చే అనుమానాల్లో సగం, అవి పండే నేల ఎలాంటిదో తెలియక వచ్చేవే.

అపోహ: సిక్కిమంటే అంతా మంచు కొండలే, అక్కడ ఏం పండుతుంది?

వాస్తవం: సిక్కిం విస్తీర్ణం 7,096 చదరపు కిలోమీటర్లు. పాత కృష్ణా జిల్లా కంటే చిన్నది. పశ్చిమాన నేపాల్, ఉత్తరాన టిబెట్, ఆగ్నేయాన భూటాన్. ఇంత చిన్న చోట దక్షిణాన తీస్తా నది లోయ దాదాపు 300 మీటర్ల ఎత్తులో ఉంటే, నేపాల్ సరిహద్దున కాంచనగంగ 8,586 మీటర్లు. లోయల్లో వరి, అల్లం, నారింజ, ఆపైన యాలకులు, ఇంకా పైన బంగాళాదుంప, ఆ పైన జడల బర్రెల మేత. పంటే కాదు, కోత కూడా ఎత్తును బట్టే. కింది తోటలు ఆగస్టు, సెప్టెంబరుల్లో కోతకొస్తే పై తోటల్లో డిసెంబరు దాకా సాగుతుంది. కొత్త సరుకు ఎప్పుడొస్తుందని అడిగితే ఒక్క నెల పేరు చెప్పలేనిది అందుకే.

రాష్ట్రం మొత్తం నేలలో సాగయ్యేది పదో వంతు చుట్టుపక్కలే. యాలకుల దుబ్బులు వాలుల మీద, చెట్ల నీడలో పెరుగుతాయి. ఎక్కువగా కనిపించేది ఉత్తిస్ చెట్టు. మన మాగాణుల్లో మినుము చేసే పనే అక్కడ ఆ చెట్టు చేస్తుంది: గాలిలోని నత్రజనిని వేళ్లలోని సూక్ష్మజీవుల సాయంతో నేలకిస్తుంది. పైగా వాలు మీది మట్టిని జారనివ్వదు. ఈ చెట్టుని గెలిచే ఎరువు నాకు తెలిసి లేదు.

అపోహ: పచ్చ యాలకులు ముదిరితే నల్లవి.

వాస్తవం: రెండూ అల్లం కుటుంబమే గానీ మొక్కలు వేరు.

అపోహ: పొగ వాసన వస్తే మాడిన సరుకు.

వాస్తవం: కోసిన కాయల్ని భట్టీ (ఆరబెట్టే పొయ్యి) మీద కట్టెల మంటతో ఆరబెడతారు. ఆ నలుపు, ఆ వాసన ఆ పొగ వల్ల వచ్చినవే. పొగ తగలకుండా వేడి మాత్రమే తగిలే కొత్త భట్టీల్లో ఆరితే కాయ ముదురు ఎరుపుగా ఉంటుంది. అదీ మంచిదే, రంగు చూసి కల్తీ అనుకోకండి.

అపోహ: పశ్చిమ బెంగాల్‌లోని సిలిగురి మార్కెట్ నుంచి వచ్చిందంతా సిక్కిందే, కాబట్టి సేంద్రియమే.

వాస్తవం: సిక్కింను పూర్తి సేంద్రియ రాష్ట్రంగా 2016 జనవరిలో ప్రకటించారు, నిజమే. కానీ ఈ యాలకులు అన్నిటికంటే ఎక్కువ పండేది నేపాల్‌లో. భూటాన్‌లోనూ పండుతాయి. ఆ సరుకూ సిలిగురి మార్కెట్‌కే చేరుతుంది. సేంద్రియం అని ఎక్కువ ధర చెబితే సర్టిఫికెట్ చూపించమని అడగండి.

అపోహ: రేటు పెరిగిందంటే వ్యాపారులు సరుకు దాచేసినట్టే.

వాస్తవం: సిక్కిం నుంచి సిలిగురికి ముఖ్యమైన దారి తీస్తా ఒడ్డున పోయే జాతీయ రహదారి. వానాకాలంలో కొండచరియ పడితే లారీలు ఆగిపోతాయి. 2023 అక్టోబరు 4న పైన కొండల్లో మంచు కరిగి ఏర్పడిన సరస్సు గట్టు తెగి తీస్తా ముంచెత్తింది, అదీ కోతల కాలంలో. దీనికి తోడు చిర్కే, ఫుర్కే అనే వైరస్ తెగుళ్లు. పేనుబంకతో వ్యాపిస్తాయి. పట్టిన దుబ్బుని పీకి తగలబెట్టాల్సిందే. మళ్లీ నాటిన మొక్క కాపుకి రావాలంటే మూడేళ్లు పడుతుంది.