ఇంధన ట్యాంకు పక్కన పాడైన వైరింగు: మరమ్మతు గాలితో మొదలవుతుంది

ఇంటి వైరింగులో ఒకచోట పైపొర చిట్లి రాగి తీగ బయటపడితే, దాన్ని బాగుచేయడం ఎలక్ట్రీషియనుకు చిన్న పనే. అదే తీగ జనరేటరుకు పెట్రోలు అందించే ట్యాంకు పక్కగానో, ఇంధనం నిల్వ ఉంచిన గది గోడ వెంటో వెళుతున్నప్పుడు మాత్రం ఆ పని స్వభావమే మారిపోతుంది. అక్కడ మనిషికి షాక్ తగలడం ఒక్కటే ప్రమాదం కాదు. మరమ్మతులో భాగంగా చేసే ప్రతి పనీ, చివరికి కరెంటు ఆపడం కూడా, నిప్పు పుట్టించగలదు.

మండేది ద్రవ పెట్రోలు కాదు, గాలితో కలిసిన దాని ఆవిరి. గాలిలో ఆవిరి పరిమాణం సుమారు 1.4 శాతానికి, 7.6 శాతానికి మధ్య ఉన్నప్పుడే అది అంటుకుంటుంది. ట్యాంకు ఖాళీ చేశాం కదా అన్న ధీమా అందుకే పనికిరాదు: అడుగున మిగిలిన కొద్దిపాటి పెట్రోలు ఆవిరై, బయటి గాలితో కలుస్తూ, సరిగ్గా ఆ హద్దుల మధ్యకు చేరుకోగలదు. ఈ ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువైనది కనుక నేల వెంట పాకుతూ గుంతల్లో, కాలువల్లో పేరుకుంటుంది. నేలకు దగ్గరగా అమర్చిన ప్లగ్ సాకెట్లు ప్రమాదకరం కావడానికి కారణం అదే. పెట్రోలు సున్నాకు 40 డిగ్రీలు దిగువన కూడా మండేంత ఆవిరిని ఇస్తుంది. డీజిలుకు సాధారణంగా 50 డిగ్రీలకు పైబడిన వేడి కావాలి, కానీ డీజిలుతో తడిసిన గుడ్డ కాలుతున్న తీగకు తగిలితే ఆ తేడా మనల్ని కాపాడదు.

ఇలాంటి ఆవిరిని అంటించడానికి దాదాపు పావు మిల్లీజౌల్ శక్తి చాలు. మామూలు స్విచ్‌ను ఆపినప్పుడు దాని లోపల మెరిసే రవ్వలోనే అంతకు ఎన్నో రెట్లు శక్తి ఉండవచ్చు. ఇక దెబ్బతిన్న తీగ సంగతి మరింత మోసకారి. సగం తెగిన తీగ చివరల మధ్య రవ్వలు లేస్తున్నా, ప్రవాహం మామూలు స్థాయిని మించదు కాబట్టి ఎంసీబీ (ప్రవాహం హద్దు మీరితే కరెంటు ఆపే స్విచ్) పడిపోదు. భూమిలోకి లీకేజీ లేదు కాబట్టి, అలాంటి లీకేజీని గుర్తించి కరెంటు ఆపే ఆర్‌సీసీబీ కూడా పసిగట్టదు. వదులైన అతుకులో ఒక్క ఓమ్ నిరోధం ఉండి, దానిగుండా 10 ఆంపియర్లు పారితే, గోరంత చోటులో 100 వాట్ల వేడి పుడుతుంది. పెట్రోలు ఆవిరికి రవ్వ కూడా అక్కర్లేదు, సుమారు 280 డిగ్రీల వేడి ఉపరితలం చాలు. పైగా ఇంధనం సోకిన పీవీసీ నుంచి దానికి మెత్తదనం ఇచ్చే రసాయనాలు కరిగిపోతాయి, పొర గట్టిపడి పగుళ్లు తేలుతుంది. అందువల్ల కంటికి కనిపించే చిట్లు ఒక్కటే అయినా, ఆ తీగలో ఇంధనం సోకిన భాగమంతా అనుమానించవలసిందే. అక్కడ టేపు చుట్టి సరిపెట్టడాన్ని నేను మరమ్మతుగా అంగీకరించను.

కనుక పని గాలితో మొదలు కావాలి. వాసన వస్తుంటే ఆ గదిలో ఏ స్విచ్చునూ వేయకూడదు, ఆపకూడదు. ఎగ్జాస్ట్ ఫ్యాను కూడా వేయకూడదు. ట్యాంకు వాల్వు మూసి, తలుపులు, కిటికీలు తెరిచి సహజంగా గాలి ఆడనివ్వాలి. వాసన తగ్గిందని ముక్కును నమ్మడం పొరపాటు, అది కొద్దిసేపట్లోనే అలవాటు పడిపోతుంది. గ్యాస్ డిటెక్టరుతో కొలవాలి: మండే కనిష్ఠ హద్దులో పదోవంతుకు మించి ఆవిరి ఉన్నచోట మనుషులు ఉండకూడదన్నది విస్తృతంగా పాటించే నియమం. కరెంటును దూరంగా, శుభ్రమైన గాలిలో ఉన్న మెయిన్ దగ్గరే ఆపాలి. బోర్డే ఆ గదిలో ఉంటే విద్యుత్ సంస్థ సిబ్బందితో బయటినుంచే సరఫరా తీయించాలి. ఇన్వర్టరు, సౌర ఫలకాలు ఉన్న ఇళ్లలో మెయిన్ ఆపినా తీగల్లో కరెంటు మిగిలి ఉండవచ్చన్న సంగతిని చాలామంది మరిచిపోతారు. టెస్టరును ముందు కరెంటు ఉన్నచోట పెట్టి పనిచేస్తోందని చూసి, తర్వాత ఆపిన తీగపై, మళ్లీ కరెంటు ఉన్నచోట పరీక్షించినప్పుడే ఆ ఫలితం నమ్మదగినది.

తీగను మధ్యలో అతకకుండా మొత్తంగా మార్చి, అతుకులు ఉండే జంక్షన్ బాక్సును ట్యాంకుకు దూరంగా పెట్టాలి. వీలైతే తీగ దారినే మళ్లించడం అన్నిటికంటే మేలు. అది కుదరని చోట మంటనిరోధక పెట్టెలు వాడతారు. లోపల ఆవిరి పేలినా, సన్నని సందుల లోహం ఆ మంటను చల్లార్చి బయటకు రానివ్వదు. గని కార్మికుల కోసం 1815లో హంఫ్రీ డేవీ రూపొందించిన జాలీ దీపంలో పనిచేసింది ఇదే సూత్రం. గోడకు రంధ్రాలు వేసే డ్రిల్లు మోటారులోని బ్రష్‌ల దగ్గర కూడా రవ్వలు లేస్తాయి కనుక, గాలి శుభ్రమని తేలేవరకు దాన్ని లోపలికి తేకూడదు.

కొత్త తీగను 500 వోల్టుల మెగ్గరుతో (తీగ పైపొర నిరోధాన్ని కొలిచే పరికరంతో) పరీక్షించినప్పుడు ఆ పైపొర నిరోధం కనీసం ఒక మెగాఓమ్ (పది లక్షల ఓమ్‌లు) రావాలి. కొత్త తీగకు మామూలుగా అంతకు ఎన్నో రెట్లు వస్తుంది. ఆ పరీక్ష కూడా రవ్వను పుట్టించగలదు కాబట్టి, బోర్డు వైపునుంచి, గాలిని మరోసారి కొలిచాకే చేయాలి. కరెంటు తిరిగి ఇచ్చేటప్పుడు ట్యాంకు వాల్వు మూసే ఉండాలి. పూర్తి లోడు కొంతసేపు నడిచాక అతుకులు వేడెక్కడం లేదని నిర్ధారించుకుని, అప్పుడే వాల్వు తెరవాలి.